నౌకాయుద్ధ వార్‌గేమ్‌లలో చరిత్ర, చమురు, రేవులు: తరచుగా అడిగే ప్రశ్నలు

నౌకాయుద్ధం మీద వచ్చిన కంప్యూటర్ వార్‌గేమ్‌లు ఎన్ని రకాలు? ఈ సమాధానాలు వేటిని దృష్టిలో పెట్టుకుని రాసినవి?

స్థూలంగా మూడు రకాలు. మొదటిది ఒక్క నౌకను నడిపే సిమ్యులేటర్. 2007లో వచ్చిన సైలెంట్ హంటర్ 4లో ఆటగాడు పసిఫిక్ మహాసముద్రంలో తిరిగే ఒక జలాంతర్గామికి కెప్టెన్. రెండవది కొన్ని నౌకల దళాన్ని కొన్ని గంటలో కొన్ని రోజులో నడిపించే ఆట. 1989 నాటి హార్పూన్, ఆ తోవలోనే తరువాత వచ్చిన కమాండ్: మోడరన్ ఆపరేషన్స్ ఈ కోవలోవి. మూడవది ఒక మహాసముద్రం మీద జరిగిన మొత్తం సమరాన్ని ఏళ్ల తరబడి నడిపేది. 2004లో గ్యారీ గ్రిగ్స్‌బీ బృందం తెచ్చిన వార్ ఇన్ ద పసిఫిక్, దాన్ని విస్తరించి 2009లో విడుదల చేసిన అడ్మిరల్స్ ఎడిషన్ ఈ మూడవ రకానికి చెందినవి. అడ్మిరల్స్ ఎడిషన్ పటం మీద ఒక్కో ఆరు పలకల గడి 40 నాటికల్ మైళ్లు, ఒక్కో టర్న్ (ఆటగాడు ఆజ్ఞలిచ్చే వంతు) ఒక రోజు. 1941 డిసెంబరు 7న మొదలుపెట్టి చివరి దాకా ఆడితే టర్న్‌లు వెయ్యి దాటుతాయి. సరఫరా విషయాన్ని ఇంత లోతుగా పట్టించుకున్న నౌకాయుద్ధ ఆట నాకు మరొకటి కనబడలేదు కాబట్టి, ఇక్కడి ఉదాహరణలలో ఎక్కువ భాగం రెండవ ప్రపంచ యుద్ధకాలపు పసిఫిక్, హిందూ మహాసముద్రాల నుంచే తీసుకున్నాను.

ఫిరంగుల కొలతలు, కవచాల మందం, విమానాల సంఖ్య సరిగ్గా ఉంటే ఆట వాస్తవికమైనదే కదా?

అవి సరిగ్గా ఉండాలి, సందేహం లేదు. కానీ అవన్నీ పుస్తకాలలో అచ్చయి దొరికే అంకెలు. శ్రద్ధ ఉన్న వారెవరైనా సేకరించి ఎక్కించవచ్చు. ఆనాటి నౌకాధిపతి చేయాలనుకుని కూడా చేయలేకపోయినవి ఏమిటి, ఎందుకు చేయలేకపోయాడు అన్నది ఆటలోకి తీసుకురావడం చాలా కష్టం. కొత్త ఆట చేతికి వచ్చినప్పుడు నేను ఒక చిన్న పరీక్ష పెడతాను. ఒక పెద్ద నౌకాదళాన్ని ఏ రేవుకూ దగ్గర లేని చోట, నడి సముద్రంలో పది రోజుల పాటు గస్తీ తిరగమని ఆజ్ఞ ఇస్తాను. పదకొండవ రోజున ఆ దళం మొదటి రోజు ఉన్నంత నిక్షేపంగా ఉంటే, ఆ ఆటలో ఫిరంగి గుండ్ల బరువు ఎంత కచ్చితంగా లెక్కకట్టినా అది నౌకాయుద్ధాన్ని చూపించడం లేదని నా అభిప్రాయం.

లాజిస్టిక్స్ (సరఫరా, రవాణా ఏర్పాట్లు) వల్ల యుద్ధం తీరే మారిపోయిన సందర్భం ఒకటి చెప్పగలరా?

మన తీరానికి దగ్గరలోనే జరిగినది ఒకటి ఉంది. 1942 ఏప్రిల్‌లో జపాన్ అడ్మిరల్ నగుమో విమానవాహక నౌకలతో సింహళం మీదికి వస్తున్నాడని బ్రిటిష్ వారికి ముందే సమాచారం అందింది. తూర్పు నౌకాదళానికి అధిపతిగా ఉన్న అడ్మిరల్ సోమర్‌విల్ ఏప్రిల్ 1వ తేదీ ప్రాంతంలో దాడి జరుగుతుందని అంచనా వేసి, తన నౌకలన్నింటినీ సింహళానికి దక్షిణాన కూడగట్టి కాపు వేశాడు. జపాన్ వారు ఆ రోజు రాలేదు, మరునాడూ రాలేదు. ఆయన దగ్గరున్న యుద్ధనౌకలలో నాలుగు రిజల్యూషన్, రామిలీస్, రాయల్ సావరిన్, రివెంజ్ అనే పాత తరం నౌకలు. వాటిలో మంచినీరు నిండుకుంటోంది. చివరకు ఏప్రిల్ 2వ తేదీ రాత్రి మొత్తం దళాన్ని వెనక్కి తిప్పి, నైరుతి దిశలో సుమారు 600 మైళ్ల దూరంలో మాల్దీవులలో ఉన్న అడ్డూ అటోల్ అనే రహస్య స్థావరానికి, నీటికీ ఇంధనానికీ తీసుకువెళ్లవలసి వచ్చింది. 4వ తేదీన ఆ దళం అక్కడ లంగరు వేసిన రోజునే సింహళానికి ఆగ్నేయంగా ఒక కాటలీనా విమానం నగుమో నౌకలను కనిపెట్టింది. 5వ తేదీన కొలంబో మీద బాంబులు పడ్డాయి. అప్పటికే అసలు దళం నుంచి విడివడి వెళ్లిన డార్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే రెండు క్రూయిజర్లు మునిగిపోయాయి.

మరునాడు, అంటే 6వ తేదీన, బంగాళాఖాతంలోకి విడిగా వచ్చిన అడ్మిరల్ ఒజావా దళంలోని ర్యూజో నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ కొద్ది రోజులలో ఒజావా దళం బంగాళాఖాతంలో ఒంటరిగా పోతున్న వర్తక నౌకలను కనీసం ఇరవైని ముంచింది. విశాఖ రేవు ప్రారంభమై అప్పటికి తొమ్మిదేళ్లైనా నిండలేదు. తీరాన్ని కాపాడవలసిన పెద్ద నౌకలు ఆ వేళ వెయ్యి మైళ్లకు పైగా దూరంలో ఉన్నాయి.

ఇప్పుడు ఆట సంగతి. సాధారణమైన ఆటలో సోమర్‌విల్ పాత్ర మీకిస్తే దళాన్ని సింహళం దగ్గరే ఉంచి నగుమోతో తలపడతారు, ఎందుకంటే మంచినీటి లెక్క ఏ ఆటలోనూ ఉండదు. తలపడి ఉంటే ఆ పాత నౌకలలో ఎన్ని మిగిలేవో చెప్పడం కష్టం. నీరు నిండుకోవడమే వాటి ప్రాణం కాపాడిందని నేను నమ్ముతాను. అడ్మిరల్స్ ఎడిషన్ కూడా నీటిని విడిగా లెక్కించదు, కానీ ఇంధనం లెక్క వల్ల దాదాపు అదే ఇబ్బంది ఎదురవుతుంది.

నౌక వేగం పెంచితే ఇంధనం అంతగా ఎందుకు ఖర్చవుతుంది? ఆటలో పూర్తి వేగం మీటను ఎప్పుడు వాడాలి?

నౌకను ముందుకు తోయడానికి కావలసిన శక్తి సుమారుగా వేగం ఘనానికి అనుపాతంలో పెరుగుతుంది. వేగాన్ని 15 నాట్ల (గంటకు 15 నాటికల్ మైళ్ల) నుంచి 30 నాట్లకు రెట్టింపు చేస్తే ఇంజన్ల నుంచి ఎనిమిది రెట్ల శక్తి రావాలి. అదే దూరాన్ని సగం సమయంలోనే దాటుతారు కాబట్టి మైలుకు అయ్యే ఖర్చు నాలుగు రెట్లు. నిజానికి వేగం బాగా పెరిగాక అలల ప్రతిఘటన వల్ల ఖర్చు ఈ లెక్కను కూడా మించిపోతుంది. అమెరికన్ ఫ్లెచర్ తరగతి డెస్ట్రాయర్లు 15 నాట్ల వేగంతో 6,500 నాటికల్ మైళ్లు పోగలిగేలా తయారైనవి. విమానవాహక నౌకల వెంట పరుగులు తీస్తే అందులో చిన్న భాగం కూడా మిగలదు. అందుకే పెద్ద నౌకల దళాలలో మొదట ఖాళీ అయ్యేది చిన్న నౌకలే, వాటి కోసమే దళమంతా ఆగవలసి వస్తుంది.

1941 మేలో జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్ నార్వే నుంచి బయలుదేరేటప్పుడు చమురు నింపుకోలేదు. తరువాత జరిగిన పోరులో ముందు భాగానికి తగిలిన దెబ్బ వల్ల సుమారు 1,000 టన్నుల ఇంధనం అందుబాటులో లేకుండా పోయింది. అట్లాంటిక్‌లో వర్తక నౌకల వేట అన్న పథకం అక్కడితో వదిలి ఫ్రాన్స్ తీరానికి దారి పట్టింది. దాన్ని తరిమిన బ్రిటిష్ యుద్ధనౌకల పరిస్థితీ అంతంత మాత్రమే. బిస్మార్క్ మునిగే వేళకు కింగ్ జార్జ్ ఫైవ్, రాడ్నీ రెండూ ఇంధనం కొరతతో ఇంటిదారి చూసుకుంటున్నాయి.

మరొక ఉదాహరణ మరింత బాధాకరమైనది. 1944 డిసెంబరు 17న ఫిలిప్పీన్స్‌కు తూర్పున అమెరికన్ అడ్మిరల్ హాల్సీ దళం నడి సముద్రంలో డెస్ట్రాయర్లకు చమురు నింపే పని మొదలుపెట్టి, సముద్రం అల్లకల్లోలంగా ఉండడంతో మధ్యలోనే ఆపేసింది. మరునాడు తుపానులో స్పెన్స్, హల్, మొనహాన్ అనే మూడు డెస్ట్రాయర్లు బోర్లాపడ్డాయి. దళం మొత్తం మీద సుమారు 790 మంది నావికులు చనిపోయారు. స్పెన్స్‌లో చమురు దాదాపు అడుగంటింది, ఖాళీ ట్యాంకుల వల్ల నౌక తేలికై నిలకడ కోల్పోయింది. ఆటలో వాతావరణం బాగోలేదన్న సందేశం వస్తే చూసీచూడనట్టు టర్న్ దాటించే అలవాటు నాకూ ఉండేది. ఈ సంగతి చదివాక పోయింది.

మీట సంగతికి వస్తే, శత్రువు కంటబడ్డాక, లేదా విమానాల దెబ్బ తగిలే పరిధిని ఒక్క రాత్రిలో దాటవలసి వచ్చినప్పుడు పూర్తి వేగం వాడండి. మిగతా వేళలలో వద్దు.

జపాన్ పక్షాన ఆడుతున్నాను. 1942 సగం దాకా గెలుస్తూ వచ్చి, ఆ తరువాత నా నౌకలు రేవులలోనే కూర్చుంటున్నాయి. ఎక్కడ పొరపాటు జరిగింది?

పొరపాటు మీ ఒక్కరిదే కాదు, మీరు ఆడుతున్న పక్షం స్థితే అలాంటిది. 1941లో అమెరికా చమురు అమ్మకం ఆపేసేనాటికి జపాన్ దిగుమతి చేసుకునే చమురులో అయిదింట నాలుగు వంతులు అమెరికా నుంచే వచ్చేది. యుద్ధానికి దిగడానికి ఒక ముఖ్య కారణం తూర్పు ఇండీస్ (నేటి ఇండోనేషియా) చమురు. 1942 ఫిబ్రవరి 14న సుమత్రాలోని పాలెంబాంగ్ మీద పారాచూట్ దళాలను దించినది అందుకే. బావులు చేతికి వచ్చాయి. ఆ చమురును నాలుగు వేల కిలోమీటర్లకు పైగా సముద్రం దాటించి స్వదేశానికి తేవడానికి తగినన్ని ట్యాంకర్లు, వాటికి కాపలా నౌకలు మాత్రం లేవు.

యుద్ధం మొదలయ్యేటప్పుడు జపాన్ వర్తక నౌకల మొత్తం సుమారు 60 లక్షల టన్నులు. యుద్ధం ముగిసేసరికి అందులో మూడో వంతు కూడా మిగలలేదు. పోయిన దానిలో సగానికి పైగా అమెరికన్ జలాంతర్గాములు ముంచినదే. కాన్వాయ్‌లను, అంటే కాపలాతో గుంపుగా పోయే వర్తక నౌకలను, కాపాడేందుకు ప్రత్యేకంగా ఒక ప్రధాన కమాండును నెలకొల్పడానికి జపాన్ నౌకాదళానికి 1943 నవంబరు దాకా పట్టింది. 1944 నాటికి చమురు స్వదేశానికి చేరడం కష్టమై, నౌకాదళమే చమురు దగ్గరకు పోయి సింగపూర్ సమీపంలోని లింగా వద్ద లంగరు వేసింది. అదే ఏడాది జూన్‌లో శుద్ధి చేయని బోర్నియో చమురును నేరుగా బాయిలర్లకు వాడవలసి వచ్చింది; అది త్వరగా ఆవిరయ్యే ప్రమాదకరమైన చమురు.

నా మొదటి ఆటలో జరిగింది చెబుతాను. 1942 ఆగస్టు, సెప్టెంబరులలో పసిఫిక్ నడుమ జపాన్ స్థావరమైన ట్రక్ దీవుల రేవు నుంచి నా పెద్ద విమానవాహక నౌకలను సాలమన్ దీవుల వైపు మూడు సార్లు పూర్తి వేగంతో పంపాను. మూడవసారి తిరిగి వచ్చాక రేవు వివరాలు తెరిచి చూస్తే ఇంధనం అన్న చోట సున్నా ఉంది. డెస్ట్రాయర్ల ట్యాంకులు సగం కూడా నిండలేదు. ట్యాంకర్లన్నీ పాలెంబాంగ్ నుంచి జపాన్‌కు పోయే దారిలో ఉన్నాయి. అవి సరుకు దించి, వెనక్కి పోయి, మళ్లీ నింపుకుని, 12 నాట్ల నడకతో ట్రక్ చేరాలంటే పాలెంబాంగ్ నుంచే పది రోజులకు పైగా కావాలి. శత్రువు బాంబు ఒక్కటీ పడకుండానే నా నౌకలు ఆరు వారాలు కదలలేదు. అప్పటి నుంచి ఒక నోటు పుస్తకం పెట్టుకున్నాను. ఏ రేవులో ఎంత చమురుంది, తరువాతి ట్యాంకర్ ఏ తేదీకి వస్తుంది అన్నవి రాసుకున్నాకే యుద్ధనౌకలకు ఆజ్ఞలిస్తాను.

ఆటలో జపాన్ ఆర్థిక వ్యవస్థ అంతా ఒక్క ఆటగాడి చేతిలో ఉండడం చారిత్రకంగా సరైనదేనా?

సరైనది కాదు, అడ్మిరల్స్ ఎడిషన్‌లో నాకు కనిపించే పెద్ద లోపం ఇదే. జపాన్‌లో వర్తక నౌకలను సైన్యానికి కొన్ని, నౌకాదళానికి కొన్ని, పౌర అవసరాలకు కొన్ని అని మూడు వాటాలుగా పంచారు. ఒకరి నౌకలో ఇంకొకరి సరుకు ఎక్కించుకోవడం అరుదు. సైనికులను దక్షిణానికి దించిన సైన్యపు నౌక, పక్క రేవులోనే పరిశ్రమలకు కావలసిన ముడి ఖనిజం పేరుకుని ఉన్నా, ఖాళీగా వెనక్కి వచ్చేది. ఆటలో మాత్రం ఒకే మెదడు అన్ని నౌకలనూ పోగుచేసి నడుపుతుంది కాబట్టి జపాన్ ఆటగాడికి చరిత్రలో లేని సౌలభ్యం దొరుకుతుంది. దీన్ని సరిచేయాలనుకునేవారు తమలో తాము నియమం పెట్టుకుని, నౌకలను మూడు జాబితాలుగా విడగొట్టి ఆడవచ్చు. కష్టంగా ఉంటుంది కానీ ఆనాటి టోక్యో అధికారుల తలనొప్పి ఎలాంటిదో తెలుస్తుంది.

రేవు ఉంది, నౌకలూ సరుకూ ఉన్నాయి. అయినా దించడానికి వారాలు పడుతోంది. ఇది ఆటలో లోపమా?

కాదు. ఆట నిజానికి ఎంతో దగ్గరగా ఉన్న చోటు ఇదే.

1942 జూలైలో న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్ రేవుకు అమెరికన్ మెరైన్ డివిజన్ సరంజామా చేరింది. అది మామూలు వర్తక పద్ధతిలో, చోటు వృథా కాకుండా కుక్కి నింపినది. శత్రువు ఎదురుగా ఒడ్డున దించాలంటే మొదట కావలసినవి పైన, తరువాత కావలసినవి కింద ఉండాలి. కాబట్టి నౌకలన్నింటినీ ఖాళీ చేసి మళ్లీ నింపవలసి వచ్చింది. రేవు కార్మికులతో పని గంటల విషయంలో పేచీ వచ్చి, ఆ పని మెరైన్లే చేసుకున్నారు. అది దక్షిణార్ధగోళంలో చలికాలం, ఎడతెరిపి లేని వాన. అయోటియా రేవుగట్టు మీద పేర్చిన అట్టపెట్టెలు నాని విచ్చిపోయాయి. వాటిలోని కార్న్‌ఫ్లేక్స్, అట్టముక్కలు, బురద కలిసి గట్టంతా జావలా తయారైంది. ఆ దళమే ఆగస్టు 7న సాలమన్ దీవులలోని గ్వాడల్‌కెనాల్‌లో దిగింది. అక్కడ దించిన సరుకును లోపలికి మోసుకుపోయే చేతులు చాలక ఒడ్డంతా పెట్టెలతో నిండింది. 9వ తేదీన రవాణా నౌకలు సరుకు పూర్తిగా దించకుండానే వెళ్లిపోవలసి వచ్చింది. మెరైన్లు రోజుకు రెండు పూటలే తిని, జపాన్ వారు వదిలిపోయిన బియ్యం వండుకుని రోజులు గడిపారు. వెనక ఉన్న నూమియా రేవులో సరుకు దించే సౌకర్యం చాలక ఆ ఏడాది చివరి నెలలలో పదుల కొద్దీ ఓడలు వంతు కోసం నిలిచిపోయాయి.

జపాన్ వారి అవస్థ ఇంకా ఘోరం. వారి స్థావరమైన రబౌల్ నుంచి గ్వాడల్‌కెనాల్ సుమారు 560 నాటికల్ మైళ్లు. పగలు అమెరికన్ విమానాలు తిరుగుతాయి కాబట్టి డెస్ట్రాయర్లు రాత్రికి రాత్రి వచ్చి పోయేవి. డెస్ట్రాయర్‌లో మనుషులు పడతారు. ఫిరంగులకు, బియ్యం బస్తాలకు చోటెక్కడిది? నవంబరు 14న నెమ్మదిగా నడిచే 11 రవాణా నౌకలను ధైర్యం చేసి పంపితే వాటిలో నాలుగే గట్టు చేరాయి, అవీ ఇసుకలోకి దూసుకుపోయి. ఆ తరువాత ఇనుప పీపాలలో ఆహారం నింపి, తాళ్లతో కట్టి, డెస్ట్రాయర్ల మీద నుంచి నీళ్లలోకి తోశారు. డిసెంబరు 3వ తేదీ రాత్రి అలా వదిలిన 1,500 పీపాలలో ఒడ్డున ఉన్నవారు లాగగలిగినవి 310. మిగిలినవి తెల్లవారాక అమెరికన్ విమానాల పాలు. ఆ దీవిలో యుద్ధంలో కంటే ఆకలితో, జబ్బులతో చనిపోయిన జపాన్ సైనికులే ఎక్కువ.

ఆటలో రేవు స్థాయి చిన్నదైతే దింపే వేగం పడిపోవడం, పెద్ద గుండ్లను నౌకలోకి ఎక్కించడానికి తగిన సదుపాయం ఉన్న రేవు కావలసి రావడం, ఇవన్నీ ఆ అనుభవాల నుంచి వచ్చిన నియమాలే. దండయాత్రకు ఓడల కంటే ముందు ఇంజనీర్లను పంపండి.

పెర్ల్ హార్బర్‌లో చమురు ట్యాంకులను కొడితే జపాన్ గెలిచేదా?

ఈ ప్రశ్న తరచూ వస్తుంది. అక్కడ నేల మీది ట్యాంకులలో సుమారు 45 లక్షల బ్యారెళ్ల చమురు ఉంది, దాడిలో అది చెక్కు చెదరలేదు. అది పోయి ఉంటే యుద్ధం మరో రెండేళ్లు సాగేదని తరువాత అడ్మిరల్ నిమిట్జ్ అన్నట్టు చెబుతారు. నా ఉద్దేశంలో జాప్యం తప్పక జరిగేది, గెలుపు మాత్రం వచ్చేది కాదు. 2,710 లిబర్టీ ఓడలను కట్టగలిగిన దేశం చమురును మళ్లీ మోసుకురాగలదు. ఇంకొక సంగతి: జపాన్ దళం 1941 నవంబరు 26న హిటోకాపు అఖాతం నుంచి బయలుదేరినది దారిలో చమురు నింపే ట్యాంకర్లను వెంటబెట్టుకునే. మరొక రోజు అక్కడే ఉండి మూడవ దాడి చేయాలంటే డెస్ట్రాయర్ల ఇంధనం, ట్యాంకర్లను కలుసుకునే చోటు, వాతావరణం అన్నీ మళ్లీ లెక్కవేసుకోవాలి. ఆటలో మూడవ దాడికి ఆజ్ఞ ఇచ్చే ముందు ఆ లెక్క మీరూ వేసి చూడండి.

నా అమెరికన్ జలాంతర్గాముల టార్పెడోలు సగం పేలడం లేదు. సెట్టింగ్ మార్చుకోవాలా?

మార్చవద్దని నా సలహా. 14వ మార్కు టార్పెడోలో ఒకదాని వెనక ఒకటి దాగిన మూడు లోపాలు ఉండేవి. నిర్ణయించిన లోతు కంటే సుమారు పది అడుగులు కిందుగా పోయేది. దీన్ని 1942 జూన్‌లో ఆస్ట్రేలియాలోని ఆల్బనీ వద్ద చేపల వలలోకి టార్పెడోలు పేల్చి, వలకు పడిన చిల్లుల లోతు కొలిచి కనిపెట్టారు. అయస్కాంత పేలుడు పరికరం ముందే పేలిపోయేది లేదా పేలేది కాదు. అది తీసేశాక మూడవది బయటపడింది: నౌకకు నిలువుగా, సరిగ్గా తగిలిన టార్పెడోలోనే సూది వంగి పేలుడు ఆగిపోయేది. అంటే గురి బాగా కుదిరినవాడికే ఫలితం దక్కేది కాదు. ఇవన్నీ సర్దుకునేసరికి 1943 శరత్కాలం వచ్చింది. అడ్మిరల్స్ ఎడిషన్‌లో అమెరికన్ టార్పెడోలు సక్రమంగా పనిచేసేలా మార్చుకునే ఐచ్ఛికం ఉంది. దాన్ని ఎంచుకుంటే జపాన్ ట్యాంకర్లు ఏడాదిన్నర ముందే మునగడం మొదలై, యుద్ధకాలపు లెక్కంతా తప్పుతుంది.

దెబ్బతిన్న నౌకల మరమ్మతు వాస్తవికంగా ఉంటుందా?

చాలావరకు ఉంటుంది, ఒక మినహాయింపుతో. కోరల్ సీ పోరులో దెబ్బతిన్న యార్క్‌టౌన్ 1942 మే 27న పెర్ల్ హార్బర్ చేరి, మూడు రోజులలో అతుకులు వేసుకుని మే 30న మిడ్‌వేకు బయలుదేరింది. అటువంటి తెగింపును అంకెలతో నడిచే ఆట చూపించలేదు. అదే పోరు నుంచి దెబ్బ తగలకుండా తిరిగి వచ్చిన జపాన్ నౌక జుయికాకు మాత్రం, విమానాలు, పైలట్లు తగ్గిపోయినందువల్ల మిడ్‌వేకు వెళ్లలేదు. ఒక నౌక విమాన దళాన్ని మరో నౌకకు సర్దే అలవాటు వారికి లేదు. ఆటలో అయితే ప్రతి ఆటగాడూ క్షణంలో సర్దేస్తాడు.

చరిత్ర ముందే తెలిసిన ఆటగాడితో వాస్తవికత ఎలా సాధ్యం?

పూర్తిగా సాధ్యం కాదు. రహస్య సంకేతాలు పగిలిన సంగతి, ఏ విమానం ఎప్పుడు వస్తుందన్న సంగతి మనకు తెలుసు. ఆనాటి వారికి తెలియదు. జపాన్ పక్షాన ఆడేవారందరూ 1942 నుంచే కాన్వాయ్‌లు కడతారు, ఎందుకంటే కట్టకపోతే ఏమైందో అందరం చదివాం. దీనికి మందు సరఫరాయే. తెలిసినా చేయలేని స్థితిని ఆట కల్పిస్తే ముందుచూపు వల్ల వచ్చే లాభం తగ్గుతుంది. కాన్వాయ్ కట్టాలని మీకు తెలుసు, కాపలా నౌకలు ఎక్కడి నుంచి తెస్తారు?

ఇంధనం లెక్కే లేని ఆటలు చెడ్డవా?

కావు. 2015లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌షిప్స్ ఇరవై నిమిషాల పోరాటం. ఆ వ్యవధిలో ఏ నౌకకూ చమురు అయిపోదు. హార్ట్స్ ఆఫ్ ఐరన్ 4లో 2016లో ఇంధనమే లేదు, 2019లో చేర్చారు. ఆ ఒక్క మార్పుతో జపాన్, ఇటలీ ఆడే తీరు మారిపోయింది.

బొగ్గు నౌకల కాలాన్ని చూపించే ఆటలున్నాయా?

రూల్ ద వేవ్స్ వరుసలో మొదటి ఆట 2015లో వచ్చింది. అందులో 1900 నుంచి నౌకలను మీరే రూపొందించాలి. దూరం ఎక్కువ పోయే నౌక కావాలంటే కవచంలోనో, ఫిరంగులలోనో, వేగంలోనో కొంత వదులుకోవాలి. రష్యన్ అడ్మిరల్ రొజెస్ట్‌వెన్‌స్కీ దళం 1904 అక్టోబరులో బాల్టిక్ నుంచి బయలుదేరి సుమారు 18,000 మైళ్లు ప్రయాణించి 1905 మే 27న సుషిమా వద్ద జపాన్ వారికి ఎదురుపడింది. తటస్థ దేశాల రేవులు సరిగా అందుబాటులో లేక జర్మన్ బొగ్గు ఓడల నుంచి దారి పొడవునా బొగ్గు నింపుకుంటూ, బొగ్గు నిల్వ గదులు చాలక డెక్కుల మీద, మనుషులు పడుకునే గదులలో గుట్టలు పోసుకున్నారు. ఆ బరువుకు నౌకలు లోతుగా దిగబడి, నడుము చుట్టూ ఉండవలసిన కవచం నీటి కిందికి పోయింది. ఈ ప్రయాణాన్ని టర్న్ వారీగా చూపించే మంచి ఆట ఎవరైనా తయారుచేయాలని నా కోరిక.

క్షిపణుల యుగంలో కూడా లాజిస్టిక్స్ అంతే ముఖ్యమా?

ఎక్కువే. నిలువు గొట్టాల నుంచి వదిలే క్షిపణులు అయిపోతే నౌక సాధారణంగా రేవుకు పోయి నింపుకోవలసిందే. కమాండ్: మోడరన్ ఆపరేషన్స్‌లో ప్రతి క్షిపణికీ లెక్క ఉంటుంది, విమానాన్ని మళ్లీ సిద్ధం చేయడానికి గంటలు పడతాయి. 1982 మే 25న ఫాక్‌లాండ్స్ వద్ద అట్లాంటిక్ కన్వేయర్ అనే సరుకు ఓడకు తగిలిన దెబ్బతో మూడు చినూక్ హెలికాప్టర్లు కాలిపోయాయి. బ్రిటిష్ సైనికులు బరువులు వీపున వేసుకుని దీవి అడ్డంగా నడవవలసి వచ్చింది.

1971 యుద్ధం మనకు మరీ దగ్గరది. పాకిస్తాన్ జలాంతర్గాములలో కరాచీ నుంచి ద్వీపకల్పం చుట్టి బంగాళాఖాతం చేరగల దూరశక్తి ఘాజీ ఒక్కదానికే ఉంది, అందుకే ఆ పాత నౌకనే పంపారు. డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి అది విశాఖపట్నం రేవు ముందు మునిగిపోయింది. ఎలా మునిగిందన్న దానిపై రెండు దేశాల కథనాలు వేరువేరు. ఆ వారంలోనే కరాచీలోని కియామరి చమురు ట్యాంకులు భారత దాడులలో తగలబడ్డాయి. ఇటువంటి సన్నివేశాన్ని కమాండ్ ఎడిటర్‌లో మీరే తయారుచేసుకోవచ్చు. ముందు నౌకల దూరశక్తులు సరిచూసుకోండి, కథ సగం దానంతట అదే కుదురుతుంది.

కొత్తగా మొదలుపెట్టేవారు ఎలా ఆడాలి?

పెద్ద సమరంతో మొదలుపెట్టకండి. గ్వాడల్‌కెనాల్ లాంటి చిన్న సన్నివేశం తీసుకుని మొదటి వారం టర్న్‌లలో యుద్ధనౌకలను అసలు కదపకుండా రవాణా నౌకలను, ట్యాంకర్లను మాత్రమే నడపండి. ప్రతి రేవులో ఇంధనం, సరుకు ఏ రోజుకారోజు ఎంత తగ్గుతున్నాయో కాగితం మీద రాయండి. అది చేతికి వచ్చాక ఈమెయిల్ ద్వారా మరొక మనిషితో ఆడండి. రోజుకు ఒక టర్న్ చొప్పున ఆడితే పెద్ద సమరానికి అసలు యుద్ధానికి పట్టినన్ని ఏళ్లే పడతాయి. ఆడే ఇద్దరూ టర్న్ పంపడానికి రాత్రి ఏ వేళ వీలో ముందే మాట్లాడుకోవడం మంచిది.